వంటింట్లో చెకింగు

మా మావయ్యగారు పోయిన రోజున మా వీధి చివరి కిరాణా కొట్టాయన షట్టరు సగం దించాడు.

దినకర్మ సరుకులు రాయించడానికి నేను వెళ్ళినప్పుడు ఆయనే ఆ మాట ఎత్తాడు. "మొత్తం మూసేద్దామనే అనుకున్నానమ్మా. గాని ఆయనకి నచ్చదు కదా. నా గురించి నీ బేరం ఎందుకు పాడు సేసుకున్నావు, బుద్దుందా అనీసేవోరు. అలాగని బార్లా తీసి కూకుంటే నాకు మనసొప్పలేదు. అందుకే సగం దించేను."

అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఒకప్పుడు మావయ్యగారు వీధి మలుపులో కనబడితే చాలు, ఇదే మనిషి గల్లాపెట్టె వదిలి వెనక బస్తాల గదిలోకి వెళ్ళిపోయేవాడు. నేనిచ్చిన లిస్టు చదువుతూ బియ్యం దగ్గర ఒకసారి, నూనె దగ్గర ఒకసారి ఆగి నా మొహంలోకి చూశాడు. "మీ ఇంటికి ఇంత సరుకు తూయడం నాకిదే మొదలమ్మా," అన్నాడు.

నిజమే. మావయ్యగారు ఆ కొట్లో కందిపప్పు కొంటే ముందు ఖాళీ కవరు కాటా మీద పెట్టించేవారు. కవరు బరువుకి సరిపడా పప్పు మళ్ళీ వేయించేవారు. సబ్బులతో పాటు ప్లాస్టిక్ పెట్టె ఉచితం అంటే, "పెట్టె నాకొద్దు, దాని ఖరీదు తగ్గించు," అనేవారు. కంపెనీవాళ్ళు అలా తగ్గించరండీ అంటే, "అయితే కంపెనీవోడొచ్చినప్పుడు నన్ను పిలు, నేను మాటాడతాను," అనేవారు. కంపెనీవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడని, ఆ రోజు వీళ్ళిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాల్సొస్తుందని ఆ కొట్టాయన చాలాకాలం భయపడ్డాడు.

మావయ్యగారు ముప్ఫయ్యేళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేశారు. రోడ్డు మీద చెయ్యెత్తి బస్సు ఆపి, ఎక్కి, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా ఒక్కొక్కరి టికెట్టూ చూసి దిగిపోయే ఉద్యోగం. నేను కోడలిగా వచ్చేసరికి రిటైరై మూడేళ్ళయింది. ఆ సంగతి ఆయన కాళ్ళకి మాత్రం తెలీలేదు. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా ఒక చెయ్యి పైకెత్తి ఏదో ఒకటి పట్టుకునేవారు. ద్వారబంధమో, బట్టల తీగో, దూలానికున్న కొక్కెమో. ఏదీ అందకపోతే కాళ్ళు ఎడంగా పెట్టి కొంచెం ఊగుతూ మాట్లాడేవారు. ఎదురుగా నిలబడి వింటే కాసేపటికి మనకే తల తిరిగేది.

ఏ గదిలోకి వచ్చినా ముందు ఒక కేక వచ్చేది: "ఎక్కడోళ్ళు అక్కడే ఉండండి!"

పెళ్ళయిన మూడో రోజున వంటింట్లో జంతికల డబ్బాలో చెయ్యి పెట్టి ఉండగా మొదటిసారి ఆ కేక విన్నాను. చెయ్యి డబ్బాలో అలాగే ఉంచి బిగుసుకుపోయాను. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. పొయ్యి దగ్గరకెళ్ళి, గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసి, జేబులో పెన్సిలు తీసి గోడ మీద చిన్న టిక్కు పెట్టి వెళ్ళిపోయారు. ఆ గోడ నిండా అలాంటి టిక్కులే. మా అత్తయ్య వాటి మీదే ప్రతి దసరాకీ సున్నం వేసేది, ఆయన మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఖర్చు అనే మాట ఆయన నోట వినలేదు. "లీకేజీ" అనేవారు. ఏ ఇంట్లోనైనా సరే, డబ్బు ఖర్చవ్వదట, కారిపోతుందట.

అయితే ఇదంతా మొదట్లో మాకు కాలక్షేపం. మా ఆయన కారు ఆగిపోయాకే అది పరిపాలన అయింది.

మా ఆయనకి సొంత కారుండేది. చలికాలంలో లంబసింగి పొగమంచు చూడ్డానికి వచ్చేవాళ్ళని తెల్లవారుజామునే కొండెక్కించి, పొద్దెక్కాక దింపుకొచ్చేవారు. ఆ మూడు నాలుగు నెలల సంపాదనే మాకు ఏడాదంతా. ఆ ఏడు కార్తీకమాసంలో, సరిగ్గా సీజను మొదట్లో, ఘాటురోడ్డు మధ్యలో ఇంజను పట్టేసింది. బాగుచేయడానికి ఎంతవుతుందో షెడ్డతను చెప్పగానే మా ఆయన అక్కడే ఓ పాత టైరు మీద కూర్చుండిపోయారట. నాకప్పుడు మూడో నెల. ప్రైవేటు బళ్ళో తెలుగు చెప్పే నా జీతం, మావయ్యగారి చిన్న పెన్షను. అంతే ఇంక ఇల్లు.

ఆ సాయంత్రం నలుగురం హాల్లో కూర్చున్నాం. ముగ్గురం కూర్చున్నాం, మావయ్యగారు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు.

"అద్దె తగ్గదు. కారు వాయిదా తగ్గదు. కరెంటోడు మన మాట వినడు. తగ్గీది సరుకులొక్కటే. సగానికి తెస్తాను," అన్నారు.

"సగవేటి?" అంది అత్తయ్య. "సగం కడుపుకి తినమంటావేటి మమ్మల్ని?" కోపమొస్తే ఆవిడ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేది.

"కడుపులు నిండాల. డబ్బాలే సగం. మజ్జిలో కారిపోతన్నదెంతో నాకు తెల్దా? ముప్పయ్యేళ్ళు అదే పని సేసేను." తర్వాత నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మాయికి ఈ రూలు లేదు. పాలు, గుడ్లు, పళ్ళు... అది లేడీస్ సీటు. అందులో ఎవడూ కూకోడానికి వీల్లేదు," అన్నారు.

మర్నాటి నుంచి వంటింట్లో చెకింగు మొదలైంది.

మొదటి దెబ్బ నూనె మీద పడింది. నూనె డబ్బా మూతకి సూదితో ఒకే ఒక్క చిల్లు పెట్టారు. తాలింపుకి కావలసినంత నూనె పడేలోపు మూకుడు ఎర్రగా కాలిపోయేది. రెండ్రోజులు ఆవాలు మాడ్చి, మూడోరోజు నుంచి అత్తయ్య ఉదయం కాఫీ... కాఫీ అప్పటికే రద్దయింది, ఉదయం టీ తాగుతూనే ఒక చేత్తో డబ్బా వంచి పట్టుకుని మధ్యాహ్నం కూరకి నూనె పోయడం మొదలుపెట్టేది.

టీకి టికెట్లు కొట్టారు. పాత క్యాలెండరు అట్టలు చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద నంబరు వేసి, ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం పెట్టారు. మనిషికి రోజుకి రెండు. టీ గ్లాసు అందుకునేటప్పుడు టికెట్టు ఇవ్వాలి, ఆయన దాన్ని మధ్యకి చింపి డబ్బాలో వేస్తారు. ఇంటికి ఎవరైనా వస్తే మన టికెట్లోంచే వాళ్ళకి పొయ్యాలి. మా ఇంటికి చుట్టాలు ఎప్పుడొచ్చినా టికెట్లున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు, ఎవరి టికెట్టు తెగుతుందోనని. నాకు మాత్రం "ఫ్రీ పాసు" అని రాసి, నా పాస్‌పోర్టు ఫోటో అంటించి ఇచ్చారు. మన ఇంట్లో టీ తాగడానికి ఫోటో ఎందుకు మావయ్యా అంటే, "నీ పాసు మీద ఇంకోళ్ళు తాగకుండా," అన్నారు అత్తయ్య వైపు చూస్తూ.

ఆయన రూలు ఆయనకీ వర్తించేది. ఒకరోజు బస్టాండు దగ్గర టీ కొట్టువాడు పాత పరిచయం కొద్దీ బలవంతంగా ఒక టీ ఇచ్చాడట. ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే, ఆ సంగతి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మర్నాటి తన రెండు టికెట్లూ తానే చింపేసుకున్నారు. ఆ రోజంతా తలనొప్పితో తలకి తువ్వాలు కట్టుకుని తిరిగారు గాని మేం ఇస్తామన్నా టీ ముట్టలేదు.

అత్తయ్యకి మూడో టీ లేకపోతే చెయ్యాడదు. వారం ఓర్చుకుంది. ఎనిమిదో రోజున నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరకేసి, కొంగు చాటునుంచి క్యాలెండరు అట్ట, ఆకుపచ్చ పెన్ను తీసింది.

"నువ్వు టీచరమ్మవి కదా. రాత బాగుంటది. రాయ్."

"దొంగ సంతకం అత్తయ్యా! తెలిసిపోతుంది."

"ఆయన సంతకవేటి, కోడి గీకినట్టుంటాది. నేనే పెట్టీగల్ను గాని నాకు నంబర్లు రావు. బేగి రాయే తల్లీ, తల పగిలిపోతంది."

ఇరవై టికెట్లు రాశాను. సంతకం అచ్చు దిగింది. మూడో రోజునే పట్టుబడ్డాం. సంతకంలో తేడా లేదు. ఆ నంబర్లు ఆయన ఇంకా కొట్టనే లేదు. నేను ఉత్సాహం కొద్దీ రెండు వందల నుంచి మొదలుపెట్టాను, ఆయన అప్పటికి నూట అరవైలో ఉన్నారు.

విచారణ హాల్లో జరిగింది. అత్తయ్య నా పేరు చెప్పలేదు. రాసిందెవరని ఎంత అడిగినా, "నేనే రాసేను, ఏటి, నాకు సదువు రాదని నీకెవరు సెప్పేరు?" అంది, నలభయ్యేళ్ళుగా ఆవిడ చేత వేలిముద్రలు వేయించిన మనిషితో. "ఉద్యోగం పీకీసి పుట్టింటికి పంపీ," అని కూడా అంది. ఆయన ఒక రాత్రంతా ఆలోచించి, వంటింటి డ్యూటీ నుంచి రెండు రోజులు సస్పెన్షను అని తీర్పు చెప్పారు.

ఆ రెండు రోజులూ వంట ఆయనే చేశారు. ఉప్మా అడుగంటకుండా ఉండాలని మూత తీసేసి నూనె వంచారు. వారానికి సరిపడా నూనె ఆ ఉప్మాలోనే పోయింది. అత్తయ్య మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, సస్పెన్షన్లో ఉన్నవాళ్ళకి టికెట్ రూలు లేదని వాదించి గెలిచి, రోజుకి నాలుగు టీలు తాగింది. మూడో రోజు పొద్దున్న డ్యూటీలో చేరమంటే, "ఇంకో రెండ్రోజులు పొడిగించండి, నాకింకా బుద్ది రాలేదు," అంది.

నవ్వుతూ చెప్తున్నాను గాని ఆ నెల సరుకుల బిల్లు నిజంగానే చాలా తగ్గింది. నా పాల గ్లాసు మాత్రం ఒక్కనాడూ తగ్గలేదు.

మార్గశిరంలో నేను ఎస్. రాయవరం దగ్గర మా పుట్టింటికి వెళ్ళి వారం ఉన్నాను. తిరిగి తీసుకురావడానికి మావయ్యగారు వచ్చారు. యలమంచిలిలో బస్సు మారాలి. బస్సుకి ఇంకా టైముందని బజారులోకి వెళ్ళి ఒక బస్తాతో తిరిగొచ్చారు. ఉల్లిపాయలు. మా ఊళ్ళో కంటే ఇక్కడ కేజీకి మూడు రూపాయలు తక్కువట. ఇరవై కేజీలు.

బస్సు కదిలాక కండక్టరు వచ్చి ఆయన్ని చూసి సగం లేచిన నమస్కారం పెట్టాడు. ఆయన చేతికింద పనిచేసినవాడు కాదు గాని, ఆయన చేతికి చిక్కినవాడట.

"బస్తాకి లగేజీ టికెట్ కొట్టు," అన్నారు మావయ్యగారు.

"వొద్దండీ సార్, మీకేటండీ."

"నాకైతే ఏటి? రూలు లేదా? కొట్టు. ఎంతవుద్ది?"

కండక్టరు చెప్పాడు. మావయ్యగారు పెన్సిలు తీసి బస్తా మీదే లెక్క వేశారు. మూడు రూపాయల చొప్పున మిగిలింది చాలావరకు ఆ టికెట్టుకే పోయేలా ఉంది. కాసేపు పైన కమ్మీ పట్టుకుని ఊగుతూ ఆలోచించారు. తర్వాత బస్సంతటికీ వినబడేలా, "ఎక్కడోళ్ళు అక్కడే ఉండండి!" అన్నారు.

జనం నిజంగానే జేబుల్లో టికెట్లు వెతుక్కున్నారు.

"టికెట్లు వొద్దు. ప్రతీ టికెట్టుకీ కొంత లగేజీ ఉచితం. మీలో సానామంది ఊరికే సేతులూపుకుంటా కూకున్నారు. తలో రెండు కేజీలు ఉల్లిపాయలు ఒళ్ళో పెట్టుకోండి. నర్సీపట్నం బస్టాండులో తీసీసుకుంటాను."

నేను తల వంచుకుని కిటికీ వైపు తిరిగాను. చిత్రమేమిటంటే ఒక్కరూ కాదనలేదు. కండువాల్లో, లంచ్ బ్యాగుల్లో, ఒకాయన హెల్మెట్‌లో కూడా పోయించుకున్నాడు. కొండచీపుర్లు అమ్ముకుని ఏజెన్సీ కొండల్లోకి తిరిగెళ్తున్న ఒకావిడ ఖాళీ గోనెసంచి తెరిచి పట్టింది. ఇంటికెళ్ళేసరికి లగేజీ టికెట్టు డబ్బులు మిగిలాయి, ఉల్లిపాయలు మాత్రం రెండు కేజీలు తగ్గాయి. బస్టాండులో ఆ హడావుడిలో చీపుర్లావిడ చింతపల్లి బస్సు ఎక్కేసింది.

ఆయన ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. "బస్సు ఎల్లిపోతంటే మన ఉల్లిపాయల గురించి ఆగుతాదేటి," అన్నారు.

తర్వాతి వారం సంతరోజున ఆవిడ మా గుమ్మంలో నిలబడి ఉంది. బస్టాండులో 'ఉల్లిపాయల సారు' ఇల్లెక్కడని అడిగితే ముగ్గురు దారి చూపించారట. "నాలుగు పాయలు ఒండీసుకున్నామండి. బస్సు దిగీదాకా గుర్తే లేదు. వాటికి బదులు ఇవి," అని ఉల్లిపాయల సంచితో పాటు కొండరాజ్‌మా గింజలు ఒక మూట పెట్టింది. మావయ్యగారు కంగారుపడిపోయారు. నాలుగు ఉల్లిపాయలకి అంత రాజ్‌మా ఎక్కువ. తిరిగివ్వబోతే ఆవిడ తీసుకోదు. డబ్బివ్వబోతే నవ్వింది. చివరికి లోపలికెళ్ళి తన టికెట్లలోంచి నాలుగు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. "ఇవి ఉంచు. నర్సీపట్నం ఎప్పుడొచ్చినా మా ఇంట్లో టీ."

ఆవిడ నాలుగు సంతలూ వచ్చింది. ప్రతిసారీ కొంగుముడి విప్పి టికెట్టు ఇచ్చి, అది చింపేదాకా ఆగి, టీ తాగి వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ ఆయనకి ఒక్క టీయే.

ఇంతలో పుష్యమాసం వచ్చింది. ఆ నెలలో మావయ్యగారు బాగా చిక్కిపోయారు. అంతకుముందు నుంచే మధ్యాహ్నం ఇంట్లో భోంచేయడం మానేశారు. "పొద్దుట తిన్న సద్దన్నం ఇంకా అరగలేదు," అనేవారు. లేకపోతే పెన్షనర్ల మీటింగు అని తెల్లచొక్కా వేసుకుని వెళ్ళేవారు. పుష్యమాసంలో ఆ మీటింగులు కూడా ఆగిపోయాయి. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. డాక్టరు దగ్గరకి వెళ్దామంటే, "డాక్టరుకి లీకేజీ తప్ప ఏటుండదు," అన్నారు. మాఘం రాగానే మళ్ళీ మీటింగులు మొదలయ్యాయి, మనిషి కాస్త తేరుకున్నారు. పెన్షనర్ల సంఘంవాళ్ళు పుష్యమాసం పాటిస్తారేమిటని నాకు అనుమానం రాలేదు. రావలసింది.

మా బళ్ళో లెక్కలు చెప్పే మేడం తమ్ముడి పెళ్ళి. పగటి ముహూర్తం. సగం పూట సెలవు పెట్టి టీచర్లం నలుగురం ఫంక్షన్ హాలుకి వెళ్ళాం. రెండో బంతిలో కూర్చున్నాం. ఆకులో పప్పు వడ్డిస్తుండగా ఎదుటి వరసలోకి చూశాను.

మా మావయ్యగారు అన్నం కలుపుకుంటున్నారు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. జేబులో పెన్సిలు. పక్కనున్న పెద్దాయనతో ఏదో చెప్తూ నవ్వుతున్నారు. ఆయన అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు. పులిహోరలో వేరుశెనగ గుళ్ళన్నీ ఏరి, ఆఖర్న తినడానికి ఆకు మూల దాచుకున్నారు. తలెత్తి నన్ను చూశారు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం. తర్వాత ఎవరో కొత్త మనిషిని పలకరించినట్టు, "ఏమ్మా, మీరు ఏ తరపు?" అన్నారు.

"మగపెళ్ళివారి తరపండీ," అన్నాను.

"మంచిది. మొహమాటం లేకుండా తినమ్మా. ఇంటికెల్లి పాలు తాగడం మర్సిపోకు."

నా పక్కనున్న టీచరు నా మోచెయ్యి గిల్లి, "ఆయనెవరండీ, పాలంటారు?" అంది.

అప్పుడే పెళ్ళికూతురి మేనమామ వరసలన్నీ చూసుకుంటూ వచ్చాడు. అందర్నీ అడుగుతున్నట్టే, మర్యాదగానే అడిగాడు: "బాబుగారూ, తమరు ఎవరి తరపండీ?"

అతను అనుమానంతో అడగలేదని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ మావయ్యగారు ముద్ద ఆకులో పెట్టేశారు. లేచి నిలబడ్డారు. ఎడమచెయ్యి పైకి లేచింది, పట్టుకోవడానికేమీ దొరకలేదు.

"నాకాడ టికెట్ లేదు బాబూ," అన్నారు.

"ఏటండీ?"

"ఎక్కకూడని బస్సెక్కీసేను. పెనాల్టీ ఎంతో సెప్పు, కట్టీసి దిగిపోతాను."

వడ్డించేవాళ్ళు ఆగిపోయారు. సాంబారు బకెట్టు పట్టుకున్నతను ఆయన్నీ, మేనమామనీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయన మెడ మీద నరాలు తేలి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళలో అలా నిలబడ్డవాళ్ళని ఎందరిని చూసి ఉంటారో! ఆరోనెల పొట్టతో నేనెలా లేచానో తెలీదు.

"మా మావయ్యగారండీ. నాతో వచ్చారు. ఒక్కదాన్నే రాలేక తోడు తెచ్చుకున్నాను. ఆయనకి కొంచెం వేళాకోళం ఎక్కువ."

"అయ్యో, అలాగాండీ! కూకోండి బాబుగారూ, కూకోండి, సాంబారొస్తంది!" అని మేనమామ నవ్వేశాడు.

మావయ్యగారు కూర్చోలేదు. ఆకు మడిచారు. చెయ్యి కడుక్కుని, వేదిక ఎక్కి, అక్షింతలు వేసి, జేబులో ఉన్న డబ్బులన్నీ తీసి పెళ్ళికూతురి చేతిలో పెట్టి దిగిపోయారు. నేనూ వెనకాలే బయటికొచ్చాను.

మిట్టమధ్యాహ్నం. ఆటో ఎక్కుదామని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. నాలుగడుగులు ముందు నడుస్తూ, నా కోసం ఆగుతూ, మళ్ళీ నడుస్తున్నారు.

"ఇలా ఎన్ని, మావయ్యా?"

"పదకొండు. పెళ్ళిళ్ళూ, గృహప్రవేశాలూ కలిపి. ఇది పన్నెండోది. దీన్ని సగం కింద రాసుకో, మజ్జిలో దిగీసేను."

"ఎందుకు మావయ్యా?"

"సగం అన్నాను కదమ్మా. నూనె కోసేను, పప్పు కోసేను, టీ కోసేను. ఇంకా కొంచెం రాటంలేదు. ఎక్కడా అని సూస్తే నా మజ్జాన్నం బోజనం కనబడింది. మొదట మానీసేను. కాళ్ళు తేలిపోయీవి. ఓరోజు ఈ హాలు ముందు ఊరికే నిలబడితే పన్నీరు జల్లి, సెయ్యట్టుకుని లోపలికి తీసుకెల్లిపోయేరు. ఎవుడూ టికెట్ అడగలేదు. నేనూ ఎక్కీసేను." చెమట తుడుచుకుని, "మీ అత్తయ్యకి సెప్పకు," అన్నారు.

తర్వాత జరిగింది కూడా ఇక్కడే చెప్పేస్తాను. కారు చైత్రంలో బయటికొచ్చింది. పాప వైశాఖంలో పుట్టింది. సరుకులు సగానికి తెచ్చారు గాని ఆ మిగిలినదాంట్లో చాలా భాగం పెనాల్టీలకే పోయింది. ఆ పదకొండు ఇళ్ళూ రాసిపెట్టుకున్నారు. రెండేళ్ళపాటు ఒక్కో ఇంటికీ వెళ్ళి, "మీ ఇంట్లో బోంచేసేను, సదివింపు ఇయ్యలేదు," అని కవరు ఇచ్చి వచ్చారు. ఒకచోటికి నేనూ వెళ్ళాను. వాళ్ళు ఆల్బం తెచ్చి చూపించారు. అందులో మూడు ఫోటోల్లో ఆయన ఉన్నారు. ఒకదాంట్లో కన్యాదానం చేస్తున్న తండ్రి వెనకే నిలబడి, పందిరి రాట పట్టుకుని. మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి పెదనాన్న అనుకున్నారట, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి తాత అనుకున్నారట. కవరు వెనక్కి తీసుకోమని వాళ్ళు ఎంత మొత్తుకున్నా ఆయన వినలేదు.

ఆ రోజు సంగతికొస్తే, మేం ఇంటికి చేరేసరికి అత్తయ్య వసారాలో చేటతో బియ్యం ఏరుతోంది. మావయ్యగారు ఆవిడ వైపు చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. చెప్పకూడదనే అనుకున్నాను. ఆవిడ పక్కన కూర్చోగానే ఏడుపొచ్చేసింది.

"ఏటయిందే? పెళ్ళిలో దొరికీసేరా?" అంది అత్తయ్య, చేట ఆపకుండానే.

"మీకు తెలుసా!"

"నాలుగు నెలల్నించి ఆయన సొక్కాలు నేను కదే ఉతుకుతన్నాను. పెన్షనోళ్ళ మీటింగులో పన్నీరు జల్లుతారేటి?"

"మరి అడగలేదేం అత్తయ్యా?"

"అడిగితే మానీస్తారు. మానీస్తే ఇంట్లో తింటారేటి? తినరు. పస్తే. పుష్యంలో సూళ్ళేదా, ముహూర్తాల్లేక ఎలాగైపోయేరో. ఎక్కడో ఒకకాడ పప్పన్నం తింటన్నారు కదా అని ఊరుకున్నాను." రెండు రాళ్ళు ఏరి అవతలికి విసిరింది. "తిన్నారా ఇయాలైనా?"

"సగంలో లేచిపోయారు."

అత్తయ్య చేట దింపింది. లోపలికెళ్ళి పీట వేసి, కంచం పెట్టి, పెరటి గుమ్మం వైపు తిరిగి కేక వేసింది. ఆయన తడికాళ్ళతో వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆవిణ్ణి చూశారు, కంచం చూశారు, నన్ను చూశారు. అంతా అర్థమైపోయింది.

"ఎంతవరకూ అయింది?" అంది అత్తయ్య.

ఆయన మెల్లిగా, "పులిహోర అయింది. పప్పన్నం సగవయింది. సాంబారు వస్తంటే లేచిపోయేను," అన్నారు.

"సాంబారు లేదు, సారుంది. కూకోండి."

కూర్చున్నారు. అత్తయ్య చారన్నం పెట్టింది, తర్వాత మజ్జిగ పోసింది. ఆయన తలెత్తకుండా తిన్నారు. రెండోసారి అన్నం వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు.